చీలకుండా మిగిలిన చోటు

బల్ల హాల్లోకి రావడానికి వీల్లేదని హరిణి, బీరువా పట్టాలంటే వేరే దారి లేదని వెంకటరత్నం, కాఫీల దగ్గర మొదలుపెట్టి టిఫిన్లు అయ్యేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. ప్రమీల మధ్యలో రెండుసార్లు కలగజేసుకుని, ఎవరూ వినకపోయేసరికి ఊరుకుంది. బీరువా తెచ్చినవాళ్ళు దాన్ని గుమ్మంలో నిలబెట్టి, వీళ్ళ సంగతి తేలేదాకా మెట్ల మీద కూర్చున్నారు.

హరిణి ఆర్కిటెక్చర్ చదువుతోంది. బొమ్మలు గీసుకునే బల్ల కిటికీ వెలుతురులో ఉండాలని దాని పట్టు. నాయనమ్మ వచ్చినప్పటి నుంచి మంచం పంచుకుంది, తెల్లవారుజామున దీపం వేస్తే లేచింది, సీరియల్ శబ్దానికి చెవుల్లో దూది పెట్టుకుంది. ఇక బల్ల కూడా ఇచ్చేస్తే ఆ గదిలో తనకు మిగిలేది గోడ మీది క్యాలెండరేనంది.

"అయినా నాయనమ్మకి బీరువా ఎందుకు నాన్నా? ఆవిడ చీరలన్నీ ఒక సంచిలో పడతాయి."

"ఎన్నాళ్ళని సంచిలో పెట్టుకుంటుంది?" అన్నాడు వెంకటరత్నం.

చివరికి బల్ల హాల్లోకే వచ్చింది. హరిణి చెప్పులేసుకుని స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయింది. వెంకటరత్నం శనివారమైనా తమ భూకంపాల ల్యాబులో పనుందని బయల్దేరాడు. ప్రమీల మాత్రం 'ఎన్నాళ్ళని' అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

అత్తగారు ఆదెమ్మ వినాయకచవితి వెళ్ళాక కంటి ఆపరేషన్‌కి వచ్చింది. కన్ను ఎప్పుడో బాగైంది. ఇప్పుడు ధనుర్మాసం. ఇదివరకు ఎన్నిసార్లు వచ్చినా పది రోజులకు మించి ఉండేది కాదు. ఇక్కడ కాకులు కూడా మనుషుల్ని పలకరించవని, పైడిగుంట వెళ్తేగాని తనకు అన్నం అరగదని, వచ్చిన మర్నాటి నుంచే బస్సుల వేళలు అడిగేది. ఈసారి ఆ ఊసే లేదు. ఎవరైనా కదిపితే, అబ్బాయి పంపితే పోతానంటుంది. అబ్బాయి పంపడం లేదు. పైగా బీరువా కొన్నాడు.

మధ్యాహ్నం పైడిగుంట నుంచి ప్రమీల అక్క కోటేశ్వరి ఫోన్ చేసింది. అక్కాచెల్లెళ్ళవి రెండూ ఒకే వీధి సంబంధాలు. ఆదెమ్మ ఇల్లూ, అక్కావాళ్ళ ఇల్లూ పక్కపక్కనే. కూతురు లావణ్య పురిటికి వచ్చి నెలన్నర పసిగుడ్డుతో అక్కడే ఉంది కాబట్టి, కోటేశ్వరి ఫోన్ అంటే సగం ఆ పిల్ల ముచ్చట్లే. ఈ పూట నలుగు పెడితే ఏడవలేదట. తాత బ్రహ్మయ్య ఎత్తుకుంటేనే ఏడుస్తోందట, ఆయన మీసం చూసి.

మాటలయ్యాక ప్రమీల ఫోన్ అత్తగారికిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. ఆదెమ్మకు చెవి మందం, గొంతు పెద్దది. బాల్కనీలో కూర్చుని మాట్లాడినా ఇల్లంతా వినబడుతుంది.

"మా ఇంట్లో దీపం పెడతన్నావా కోటీ? పెట్టి గబాల్న బయటికొచ్చేయ్. లోపల కూసోమాక... ఊరికే అంటన్నా. పిల్లదాన్ని గోడవారన పడుకోబెట్టమాకండే. పందిట్లో మంచాలేసుకోరాదూ? గాలాడద్ది."

ప్రమీల చేతిలో గరిట ఆగిపోయింది. మంచు పడే రోజులు. అక్కడ పొద్దెక్కేదాకా తలకు గుడ్డ కట్టుకోకుండా ఎవరూ బయటికి రారు. బాలింతనూ పసిబిడ్డనూ పందిట్లో పడుకోమంటుందేమిటి ఈవిడ?

స్టవ్ కట్టేసి బాల్కనీలోకి వెళ్ళింది. ఆదెమ్మ ఫోన్ పక్కన పెట్టి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ప్రమీల ఎదురుగా పీట వేసుకుని తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుంది. మామూలుగానే అడిగింది, పందిట్లో ఎందుకు పడుకోమన్నారని. ఆదెమ్మ ముందు గాలి అంది, తర్వాత దోమలు అంది, ఆ తర్వాత ఈనె తీసిన కాయకే మళ్ళీ ఈనె తీయడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, మీరు ఊరికి ఎందుకు వెళ్ళడం లేదు?"

"నన్నడగమాక అమ్మాయ్. అబ్బాయి తన నెత్తిన నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడు. ఒక్కగానొక్కడు. నేను నోరు తెరవకూడదు."

"తెరవద్దు. నేనడుగుతాను, తలూపండి. ఇంటి సంగతేనా?"

ఆదెమ్మ తలూపింది.

"ఎండాకాలంలోలా మళ్ళీ భూమి కదులుతుందన్నారా?"

కళ్ళు దించుకుని మళ్ళీ ఊపింది.

"మా అక్కవాళ్ళ ఇల్లు కూడానా?"

ఈసారి తల కదల్లేదు. చిక్కుడుకాయలున్న చేట ఒళ్ళో నుంచి కింద పెట్టింది. "రెండిళ్ళకీ గోడ ఒకటే గదే," అంది.

*

వెంకటరత్నం, ప్రమీల ఒకే పరిశోధనశాలలో పాతికేళ్ళుగా పనిచేస్తున్నారు. భూమి కంపించినప్పుడు ఊళ్ళలో పెట్టిన పరికరాలు గీసే గీతలను చదివి, ఏ కెరటం ఏ క్షణాన వచ్చిందో గుర్తించడం ప్రమీల పని. ఆ గీతల నుంచి, నేల కింద పగులు ఎక్కడ పుట్టిందో, ఎటు పరిగెత్తిందో, ఎక్కడ ఆగిందో లెక్క కట్టడం వెంకటరత్నం విభాగం పని. ఆ విభాగం తయారుచేసిన యంత్రానికి 'జాడ' అని పేరు పెట్టుకున్నారు. పగులు దారి గీయడం వరకు అన్ని దేశాలవాళ్ళూ చేస్తారు. జాడ అక్కడితో ఆగదు. పగులు ఎందుకాగిందో చూస్తుంది. పాత చీర చింపుతూ ఉంటే కుట్టు అడ్డొచ్చిన చోట చిరుగు ఆగుతుంది, కానీ చేతుల్లోని బలమంతా ఆ కుట్టు మీదే నిలబడుతుంది. నేల కింద అలాంటి కుట్టు ఎక్కడుందో, అది ఎన్నాళ్ళు పట్టి ఉంటుందో జాడ చెబుతుంది. ఇప్పటిదాకా అయిదు చోట్ల చెప్పింది. మూడు చోట్ల అన్నంతా జరిగింది.

జరగని రెంటిలో ఒకటి వాళ్ళ ల్యాబుని బజారుకీడ్చింది. గోదావరి అవతల ఒక ఊరివాళ్ళను వెంకటరత్నమే స్వయంగా ఇళ్ళలోంచి బయటికి రమ్మన్నాడు. వానల్లో జనం చెరుకు తోటల గట్ల మీద నెలపాటు పడుకున్నారు. భూమి కదల్లేదు. పాము కరిచి ఒక ఇల్లాలు పోయింది. ఆమె భర్త టీవీల ముందు వెంకటరత్నాన్ని నిలదీశాడు. అప్పటినుంచి, పెద్దల సమీక్ష కాకుండా ఏ ఊరి పేరూ బయటికి రాకూడదని డైరెక్టర్ ఆజ్ఞ.

ల్యాబులో ఇంకో నియమం ఉంది. దాన్ని పెట్టించింది ప్రమీలే. గీతలు చదివేవాళ్ళకు అవి ఏ ఊరివో తెలియకూడదు. తెలిస్తే మనసు అటు వాలుతుంది, లేని కెరటం కూడా ఉన్నట్టు కనబడుతుంది. అందుకని ఊరి పేరు తీసేసి, రకరకాల చోట్ల గీతలను కలిపి, అంకెలు వేసి ఇస్తారు. జాడ ఫలితం కూడా చూపించరు. ఎవరైనా ఊరిని గుర్తుపడితే ఆ మాట చెప్పి ఆ చదువు నుంచి తప్పుకోవాలి. పెళ్ళిలో తీసేసిన అడ్డుతెరను ఈ ఆలుమగలు ఆఫీసులో మళ్ళీ కట్టుకున్నారని సహోద్యోగులు నవ్వేవాళ్ళు.

ఎండాకాలం చివర పైడిగుంట పడమటి కొండల్లో భూమి కదిలింది. పైడిగుంటలో గిన్నెలు దొర్లాయి, బడి ప్రహరీ ఒకపక్క ఒరిగింది, అంతే. నేల తన బరువు దించేసుకుంది, ఇక భయం లేదని వెంకటరత్నం టీవీలో చెప్పాడు. కోటేశ్వరి ఆ ముక్క ఫోనులో తీసి వీధిలో అందరికీ పంపింది, మా మరిది అని రాసి.

ప్రమీల ల్యాబుకి వెళ్ళేసరికి పై అంతస్తులో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. తన గదిలో కూర్చుని తను చదివిన గీతలన్నీ మళ్ళీ తెరిచింది. ఈసారి ఊరి కోసమే వెతికింది. పదిహేడో పరికరం దగ్గర ఆగింది. మధ్యాహ్నం భోజనాల వేళకు గ్రానైటు క్వారీల్లో మందుగుండు పేలుస్తారు. ఆ అదురు ఏ ఊళ్ళోనైనా ఇట్టే వచ్చి పోతుంది. పైడిగుంట పాత చెరువు పూడ్చిన నల్లమట్టి మీద కట్టిన ఊరు కాబట్టి అక్కడ మాత్రం గిన్నెలో పులుసులా చాలాసేపు ఊగుతుంది. చిన్నప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్న పుట్టింట్లో ఆ వేళకు గూట్లో కంచాలు సన్నగా మోగేవి. కంచాలు మోగాయి, అన్నాలకు లేవండని అమ్మ అనేది. తెర మీద ఆ ఊగే గీతను ఆమె అయిదు నెలలుగా చూస్తోంది. అదేమిటని తనను తాను అడగకూడదని నియమం కాబట్టి అడగలేదు.

జాడ నడిపే సత్యవేణి పక్క గదిలో ఉంది. చిన్న వయసు, చురుకైన పిల్ల. ప్రమీల చేతికింద పని నేర్చుకుని అటు విభాగానికి మారింది. ప్రమీల గుమ్మంలోనే నిలబడి, పదిహేడు పైడిగుంట అని గుర్తుపట్టానని, ఈ చదువు నుంచి తప్పుకుంటున్నానని చెప్పింది. నియమం ప్రకారం తప్పుకున్నవాళ్ళ దగ్గర దాచాల్సింది ఏమీ ఉండదు, కాబట్టి ఫలితం చూపించమంది.

సత్యవేణి ఆశ్చర్యపోలేదు. కుర్చీ జరిపి చోటిచ్చింది.

బొమ్మ కదిలింది. పడమటి కొండల కింద పుట్టిన పగులు తూర్పుగా సాగింది. దారిలో రాయి రాయినీ వదిలించుకుంటూ, ప్రమీల గుర్తించి ఇచ్చిన క్షణాల మీద అడుగులేసుకుంటూ వచ్చి, పైడిగుంట కిందికి రాగానే ఆగింది. ఊరి పొడుగునా ఒక పట్టీ ఎర్రగా మిగిలిపోయింది. సత్యవేణి బొమ్మను ముందుకు నడిపింది. ఆ పట్టీ ఒక్క ఊపులో తెగింది. పైన నల్లమట్టి ఎంతసేపు ఊగుతుందో పక్కన లెక్క వస్తూనే ఉంది. ఎప్పుడన్నదానికి జాడ ఇచ్చిన గడువు ఉగాది.

"ఇది మొదట ఎప్పుడు చూశారు?"

"వినాయకచవితి ముందు మేడమ్."

"ఎవరెవరికి తెలుసు?"

సత్యవేణి మౌస్ మీద చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. "అందరికీ తెలుసు. మీకు తప్ప."

ప్రతిరోజూ పదకొండింటికి వీళ్ళందరితోనే టీ తాగింది. అక్క కూతురికి ఆడపిల్ల పుట్టిందని ఈ గదిలోనే మిఠాయి పంచింది. ఊరెక్కడ అని కూడా ఎవరో అడిగారు. పైడిగుంట అని చెబితే, ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అది మిఠాయి నోట్లో ఉండబట్టి అనుకుంది.

*

సత్యవేణి చెప్పినట్టుంది, వెంకటరత్నం కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రమీల ఎక్కి కూర్చుంది. కారు ల్యాబు గేటు దాటి పెద్ద రోడ్డెక్కింది.

అతనే మొదలుపెట్టాడు. అయిదింట మూడు నిజమైతే అది శాస్త్రం కాదన్నాడు. గోదావరి అవతల ఆ మనిషి ముఖం తనకు ఇంకా కలలోకి వస్తోందన్నాడు. సమీక్షకు అన్నీ సిద్ధం చేస్తున్నానని, వాళ్ళు సరేనంటే తనే వెళ్ళి చెబుతానని అన్నాడు. అతను చెప్పేవన్నీ నిజాలే. ఇంకెవరి భర్తయినా ఈ మాటలు చెబితే ప్రమీల అతని పక్షమే మాట్లాడి ఉండేది.

"ఊరికి చెప్పడానికి చాలని లెక్క, మీ అమ్మను తీసుకురావడానికి ఎలా చాలింది?"

"అమ్మ విషయంలో లెక్క తప్పయినా నష్టం లేదు. నాలుగు నెలలు కొడుకు దగ్గర ఉంటుంది, అంతేగా."

"అక్క విషయంలో తప్పయితే ఏం నష్టం? నాలుగు నెలలు చెల్లెలి దగ్గర ఉండేది."

అతను ముందు బండి వెనక వేగం తగ్గించాడు. "మీ అక్క ఒక్కతీ రాదు. బ్రహ్మయ్యన్నయ్య కొట్టు వదలడు. ఎందుకు ఏమిటని అడుగుతారు. మీ అక్కకు తెలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది."

"నాకు?"

"నీకు చెబితే ఆగుతావా?"

"ఆగను."

"అందుకే చెప్పలేదు."

ప్రమీల కిటికీ వైపు తిరిగింది. ఆమెను బాధపెట్టింది అతను దాచడం కాదు. అతను సరిగ్గా లెక్కగట్టడం. తన భార్య ఏం చేస్తుందో, అమ్మ ఏ ఒట్టుకు కట్టుబడుతుందో, ఏ నియమాన్ని ఆమె చచ్చినా దాటదో అన్నీ తెలిసిన మనిషి, తెలిసినవన్నీ ఆమెకు అడ్డంగా నిలబెట్టాడు.

"కిందటి నెల ఉయ్యాల వేడుకకు వెళ్ళాం," అంది అటే చూస్తూ. "మీరు ఆ పిల్లను ఉయ్యాల్లో వేసి ఊపారు. ఆ గదిలోనే. మా అక్క కొసరి కొసరి వడ్డిస్తే తిన్నారు. దీపం పెట్టడానికి మీ అమ్మ ఇంట్లోకి రోజూ వెళ్తున్నానని చెబితే, మంచిది వదినా అన్నారు."

"ఏమనమంటావు ప్రమీలా?"

ఆమె ఇటు తిరిగింది. భోజనాల వేళదాకా టైముంది, డైరెక్టరుకు ఫోన్ చేసి ఊరి పేరు బయటపెట్టడానికి ఒప్పించమంది. ఆ తర్వాత తన పని తనదంది.

*

హరిణి కోపం తీరి ఇంటికొచ్చింది. హాల్లో బల్ల మీదే కంచాలు పెట్టి, ఇక ఇదే డైనింగ్ టేబులా అని వెక్కిరించబోయి, తల్లి ముఖం చూసి ఊరుకుంది. ఆదెమ్మ తిననంటూనే వచ్చి కూర్చుంది. ప్రమీల చిక్కుడుకాయ కూర, చారు, పెరుగు తెచ్చి పెట్టింది.

వెంకటరత్నం బాల్కనీ తలుపు మూసుకుని మాట్లాడుతున్నాడు. అద్దంలోంచి కనబడుతున్నాడు. మొదట చేతులు తిప్పుతూ మాట్లాడాడు. తర్వాత వింటూ నిలబడ్డాడు. ఆ తర్వాత సరే సరే అన్నట్టు తల ఊపాడు. అతను తలుపు తీసుకుని లోపలికి రాకముందే ప్రమీలకు జవాబు తెలిసిపోయింది.

"వచ్చే నెల మొదటి వారం సమీక్ష," అన్నాడు కూర్చుంటూ. "అప్పటిదాకా ఎవరూ నోరెత్తకూడదన్నారు. ఎత్తితే ఉద్యోగాల సంగతి తర్వాత, ఇంకెప్పుడూ మనల్ని ఎవరూ నమ్మరన్నారు. అది కూడా ఆలోచించాలి కదా."

"ఏ ఊరు నాన్నా?" అంది హరిణి.

అతను తల్లి వైపు చూశాడు. ఆదెమ్మ కొడుకు ముఖం చూడలేదు. "నేను చెప్పలా," అంది కంచంలోకి. "తల మాత్రం ఊపా."

ప్రమీల అందరికీ వడ్డించి, తనూ వడ్డించుకుని కూర్చుంది. ఎడమచేత్తో ఫోన్ తీసి అక్కకు కలిపి, అందరికీ వినబడేట్టు బల్ల మధ్యలో పెట్టింది. వెంకటరత్నం ఫోన్ మీదికి చెయ్యి చాపి, సగంలో ఆపుకుని, ఆ చేత్తోనే మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఏందే, ఈయాలప్పుడు?" అంది కోటేశ్వరి. వెనక పసిపిల్ల ఏడుపు, లావణ్య జోలపాట వినబడుతున్నాయి.

"బావను కూడా పిలువక్కా. ఇద్దరూ వినాలి."

బ్రహ్మయ్య వచ్చాడు. ప్రమీల చెప్పింది. పగులు ఎక్కడ పుట్టిందో, ఎక్కడాగిందో, ఊరి కింద ఏం మిగిలిందో చెప్పింది. జరగవచ్చు, జరగకపోవచ్చు, అయిదింట మూడు అని కూడా దాచకుండా చెప్పింది. రేపు పొద్దున్నే లావణ్యనూ పిల్లనూ అత్తవారింటికి పంపమంది. ఇవాళ రాత్రికి మార్కెట్ యార్డు రేకుల షెడ్డు కిందికి కాకుండా, బయట ఖాళీ స్థలంలోకి మంచాలు తీసుకెళ్ళమంది. పిల్లకు రెండు బొంతలు కప్పమంది.

అటువైపు పసిపిల్ల ఏడుపు పెరిగింది.

"మరి అత్త అందుకేనా రానిది?" అంది కోటేశ్వరి.

ఆదెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వెంకటరత్నం వదినా అని, గ్లాసులో నీళ్ళు ఒక గుక్క తాగాడు.

"టీవీలో ఏం ఫర్లేదన్నాడు గదమ్మా మీ ఆయన," అన్నాడు బ్రహ్మయ్య. ఆయన గొంతులో కోపం లేదు. అర్థం కాకపోవడం ఉంది. "ఆ మాట పట్టుకునే గదా పైన ఇంకో గది ఎత్తింది."

"అవును బావా. అన్నారు."

ప్రమీల కంచంలో అన్నం కలిపింది. గొంతు పెంచలేదు. హరిణి వైపు, అత్తగారి వైపు, చివరికి భర్త వైపు చూసి, ఇంట్లో అందరికీ చెప్పాల్సిన మాట చెప్పింది.

"రేపు పొద్దున బస్సుకు నేను పైడిగుంట వెళ్తున్నాను. సాయంత్రం ల్యాబు నుంచి దిగే ముందే రాజీనామా రాసి ఇచ్చేసి వచ్చాను కాబట్టి నోరెత్తకూడదన్నది నాకు వర్తించదు. ఆ గీతలు చదివింది నేను. ఇల్లిల్లూ తిరిగి నేనే చెబుతాను. తిట్టేవాళ్ళు తిడతారు. అక్కావాళ్ళు ఎక్కడ పడుకుంటే అక్కడే పడుకుంటాను."

హరిణి తండ్రి వైపు చూసింది. అతను గ్లాసు కింద పెట్టలేదు.

"ఎన్నాళ్ళుంటావే?" అని అడిగింది కోటేశ్వరి.

"ఈయన అక్కడికొచ్చి, మీ అందరి ముందూ నిలబడి, తన నోటితో చెప్పేదాకా."